సోమవారం ఏడు గంటల నవ్వు

“ఇవాళ ఏదో కీడు జరుగుతుంది. పక్కావిడ పొగ పెట్టలేదు,” అంది హుల్డా టొర్కెల్సన్, పొద్దున్నే తీగ మీద దుప్పటి ఆరేస్తూ.

“పెడితే తిడతావు, పెట్టకపోతే ఏడుస్తావు. ఆవిడ ఎలా బతకాలే నీతో?” అన్నాడు భర్త ఎమిల్. అతనికేం, ముగ్గురు పిల్లల్ని కన్నది హుల్డా. భయపడటంలో ఆమెకు అనుభవం ఉంది.

సోమవారం అమెరికాలోని అయోవా రాష్ట్రమంతటా బట్టలుతికే రోజు. ఆ రోజు ఆరేసిన బట్టలకు పొగ పట్టేలా పెరటి పీపాలో చెత్త తగలబెట్టడం హత్య తరవాతి నేరం. ఒంటరిగా ఉండే వెర్నా పికెట్ పదకొండు నెలలుగా వారం తప్పకుండా ఆ నేరం చేస్తోంది. పదకొండు నెలలుగా హుల్డా ఆమెతో మాట్లాడటం లేదు.

ఇంత చక్కని కలహం వృథా పోకూడదని వీధి పెద్ద క్రాండల్ గారు దాన్ని రేడియోకు రాసి పంపారు. సోమవారం సాయంత్రం ఏడింటికి ఒక సబ్బుపొడి కంపెనీ వారు ఇరుగుపొరుగు తగవుల హాస్యనాటిక వేస్తారు. ప్రతి నాటికలోనూ పొరుగావిడ నేలమాళిగ మెట్ల మీంచి దబదబా దొర్లి, “ఎవరైనా రండర్రా, నా కాలు!” అని అరుస్తుంది. దేశమంతా నవ్వుతుంది.

తమ వీధి తగవు ప్రసారమైననాడు క్రాండల్ గారు అరుగెక్కి ప్రసంగించారు. “ఈ వైరం ఇక ఇద్దరిది కాదు, వీధి ఉమ్మడి సొత్తు. దయచేసి ఎవరూ రాజీ పడరాదు.” ఆ వారమే ఆపిల్ కేకు పట్టుకుని వెర్నా ఇంటికి బయల్దేరిన హుల్డాను వీధి పరువు వెనక్కి తిప్పింది.

ఈ సోమవారం సాయంత్రమైనా పొగ లేదు. హుల్డా మనసులో వెర్నా అప్పటికి మూడుసార్లు చచ్చిపోయింది.

ఏడయింది. ఎండాకాలం కాబట్టి కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, అన్నిట్లోంచీ ఒకటే రేడియో. మెట్ల మీద దబదబ. “ఎవరైనా రండర్రా!” వీధంతా నవ్వింది. నాటిక అయి సబ్బుపొడి పాట మొదలైంది. పాట మధ్యలో మళ్లీ, “ఎవరైనా రండర్రా.” వీధి ఇంకా నవ్వింది.

“అది రేడియో కాదండీ. పాటలో ఆవిడెందుకు అరుస్తుంది?” అంది హుల్డా, క్రాండల్ గారి అరుగు మీంచి లేస్తూ.

“కూర్చోమ్మా. ఇవాళ కాస్త పొడిగించారు,” అన్నారు క్రాండల్ గారు.

“మధ్యాహ్నం కూడా వేశారుగా,” అంది ఆయన భార్య. “పడీపడీ నవ్వాననుకో.”

నాటిక వేసేది సాయంత్రం ఒక్కసారే. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ ఆ కేక తనూ విన్నది. తనూ నవ్వింది.

పదకొండు నెలల తరవాత ఆమె వెర్నా కంచె దాటింది. నేలమాళిగ తలుపు తెరిచే ఉంది, కింద చీకటి.

“వెర్నా. నేనే, హుల్డాని. ఉన్నావా?”

వెనక వీధిలో పాట ముగిసింది, చప్పట్లు కొట్టారు, అవి కూడా ఆగాయి. హుల్డా మెట్టు మెట్టూ తడుముకుంటూ దిగింది. కింద నుంచి వెర్నా గొంతు వచ్చింది.

“అందరూ నవ్వడం అయిందా?”