తీగ కింద తలనొప్పి

మా ఆళ్లగడ్డ వీధి మీదుగా పోయే పెద్ద కరెంటు తీగను తిట్టేవాళ్లకు పుట్టగతులుండవు! ఆ తీగ మాకు దేవుడిచ్చిన వరం.

నవ్వకండి. మీ వీధిలో పదో తరగతి మూడుసార్లు తప్పినవాడు ఏం చెప్పుకుంటాడు? మా పుల్లయ్య దర్జాగా తీగను చూపిస్తాడు. కిరాణాకొట్టు విశ్వేశ్వరయ్య పోసిన కందిపప్పు తూకం తగ్గినా అంతే. "నేనేం చేద్దునప్పా, కరెంటు తక్కెడను గుంజుతాంది" అంటాడు. బర్రె పాలు పలచబడినా, మోకాళ్లు పట్టేసినా మాకు ఒక్కటే కారణం. ఇంత సులువుగా రోగం తేల్చే మిషను మద్రాసులో ఉందా?

కృపమ్మ సంగతి మాత్రం వేరు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. ఏడాదిగా అందుకోసం ఇంటి దగ్గర బైబిలు చేతపడితే చాలు, కణతలు పగిలిపోతున్నాయి. నంద్యాలలో ముగ్గురు డాక్టర్లకు చూపించుకుంది. మొదటాయన తలెత్తకుండానే "నీకేం లేదు పో" అన్నాడు. రెండో ఆయన సూది పొడిచాడు. మూడో ఆయన మనసులో దిగులన్నాడు. నొప్పితో చస్తున్న మనిషిని పట్టుకుని ఏం లేదంటే ఎంత ఉక్రోషం!

అప్పుడు పక్కింటి సులోచన పైకి చూపించింది. "నువ్వు చదివేది యాడ? ఆ తీగ కిందనే కదా!"

నిజమే! సాయంత్రం వెలుతురు కోసం అరుగు మీద కూర్చుని చదివితే నొప్పి. లోపలికి పోయి పడుకుంటే మాయం. ఇంతకంటే రుజువేం కావాలి? ఇక వాక్యం ఇంకెవరినైనా చదవమని పాస్టరు గారికి చెప్పి, పాపం ఏడ్చింది.

వీధంతా కలిసి అర్జీ పెట్టాం. లైన్‌మన్ సుబ్బరాయుడు వచ్చాడు. స్తంభం ఎక్కకుండా కృపమ్మ అరుగు మీద కూర్చున్నాడు.

"నొప్పి ఎప్పుడొస్తాదక్కా?"

"బైబిలు చదివేటప్పుడు నాయనా."

"చదవకుండా ఈడనే ఊరికే కూర్చుంటే?"

"రాదప్పా."

సుబ్బరాయుడు జేబులోంచి తన కళ్లద్దాలు తీసిచ్చాడు. "పెట్టుకో. నలభై దాటినాక నాకూ ఇదే చత్వారం."

కృపమ్మ కీర్తన మొత్తం గడగడా చదివేసింది. కళ్లు తుడుచుకుని, మరి తీగ సంగతేమిటని అడిగింది.

"దాంట్లో కరెంటు యాడుందక్కా? తీగ లాగినారంతే. ఇంకా ఇయ్యల్యా."

వీధంతా నోరెళ్లబెట్టింది. విశ్వేశ్వరయ్య ఒక్కడే "ఎప్పుడిస్తారన్నా?" అని ఆశగా అడిగాడు.

కాబట్టి ప్రభుత్వం వారికి నాదొక మనవి. తీగను ఉండనివ్వండి. సుబ్బరాయుడిని డాక్టరు కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ముగ్గురు డాక్టర్లను మా స్తంభాలెక్కించండి. భయం లేదు, కరెంటు లేదు. పైగా తీగలు తమ బాధ చెప్పుకోవు కనుక, వాళ్లకు వినే శ్రమ కూడా ఉండదు!