చైనీసు ఎండిపోయింది

2008 ఆగస్టులో ఒక సోమవారం. హేమావతి ఆ రోజుకు పెట్టుకున్న పని ఒకటే: పదింటిలోపు అభిప్రాయ పత్రం ఆఫీసులో ఇవ్వడం. విశ్వవిద్యాలయంలో చైనీసు మొదలై ఏడాదయింది. ఐదు రోజులు నెట్‌లో పాఠం, శనివారం బెంగళూరు నుంచి బస్సులో వచ్చే టీచరు. ఈ చదువు ఉంచాలా, తీసెయ్యాలా అన్నది విద్యార్థుల అభిప్రాయం చూసి తేలుస్తారట. తీసేస్తే సర్టిఫికెట్టు రాదు. అది లేకపోతే రాష్ట్రం సరిహద్దు అవతల కరెంటు కేంద్రం కడుతున్న చైనా ఇంజనీర్ల దగ్గర దుబాసీ ఉద్యోగం రాదు. మడకశిరలో నాయన గొర్రెల దగ్గర మాత్రం ఖాళీ ఎప్పుడూ ఉంటుంది.

క్లాసులో ఎనిమిది మంది. విడపనకల్లు ఓబులేష్ ఒక్కడే కష్టపడి రాశాడు. ఆరుగురు చూసి దించారు.

"ఏం రాసినావప్పా?" అంది హేమావతి.

"ఉన్నదే రాసినా. చైనీసు ఎండిపోయింది. నెట్ ఒక్కటే నమ్ముకుంటే ఒంటి పంట. వాన మాదిరి, వస్తే వచ్చె, లేకుంటే లేదు. టీచరునూ ఇంకో రెండు దినాలు కలిపితే శెనక్కాయలో కంది వేసినట్ల. ఒకటి పోయినా ఒకటి దక్కుతాది."

"చదువు అనే మాట యాడుండాది దీంట్లో?"

"అది వాళ్లకు తెలీదా?"

వాళ్లకు తెలియలేదు. అభిప్రాయం అడిగేవాళ్లకు కావలసింది అభిప్రాయం కాదు, కాగితం. గుమాస్తా ఈశ్వరప్ప పై కాగితంలో మొదటి వాక్యం మాత్రమే చదివాడు. కరువులో రైతుకు ఏ ఆఫీసైనా ఒకటే. పంట ఎండిందని అర్జీలు ఇక్కడా ఇచ్చిపోతుండేవారు, ఆయన వాటిని వ్యవసాయ శాఖకు తోసేవాడు. హేమావతి పత్రంతో సహా ఎనిమిదీ తోశాడు.

శుక్రవారం వ్యవసాయాధికారి దాసప్ప కొలత టేపుతో కంప్యూటర్ల గదికి వచ్చాడు. హేమావతి ఒక్కతే ఉంది.

"చైనీసు ఎవరు వేసినారమ్మా?"

"వేసేది కాదు సార్. భాష."

దాసప్ప ఫారం అటూ ఇటూ తిప్పాడు. "భాషకు గడి లేదు దీంట్లో. జీపు వేసుకోని వచ్చి ఉత్త ఫారం తీసుకపోతే నన్ను అడుగుతారు. 'ఇతర పంటలు' అని రాస్తా. రైతులెంతమంది?"

"విద్యార్థులు ఎనిమిది మంది."

"విత్తనం యాడిది?"

"పాఠాలా? చైనావి సార్."

"మొలక?"

"సగం మాట వచ్చి నిలబడిపోతాది. మిగతా సగం రెండు దినాలకు వస్తాది."

"యాభై శాతం," అని రాసుకున్నాడు.

"సార్, మీకు వచ్చినవి మా కాగితాలు. అవి మా ఆఫీసుకు చేరాల. ఈ పొద్దే మీటింగు. చేరకుంటే మా చదువు తీసేస్తారు."

"నేను చూసేకి రాలేదమ్మా, రాసుకునేకి వచ్చినా. సంతకం పెట్టు."

"పెట్టకపోతే?"

"రేపు మళ్లా వస్తా."

పెట్టింది.

సాయంత్రం మీటింగులో ఒక్క పత్రమూ లేదు కాబట్టి విద్యార్థులకు అభిప్రాయమే లేదని తేల్చి, చైనీసు తీసేస్తున్నట్టు గోడకు నోటీసు అంటించారు. హేమావతి దాన్ని రెండుసార్లు చదివింది.

"మళ్లా రాస్తాలే," అన్నాడు ఓబులేష్.

"నువ్వు పెన్ను ముట్టుకో, చెయ్యి ఇరుస్తా."

వారానికి జిల్లా నుంచి ఉత్తర్వు వచ్చింది. కరువు జాబితాలో ఎక్కిన ఏ పంటనూ తొలగించరాదు; ఒంటి పంట మాని మిశ్రమ పంటను ప్రోత్సహించాలి. జాబితాలో వేరుశనగ, కంది, కొర్ర, వాటి కింద చైనీసు. అది పంట కాదని పైకి రాసే ధైర్యం విశ్వవిద్యాలయంలో ఎవరికీ లేకపోయింది. నోటీసు చించేశారు. టీచరు వారానికి మూడు రోజులు రావడం మొదలుపెట్టింది. డిసెంబరులో హేమావతి చేతికి సర్టిఫికెట్టు వచ్చింది.

ఆ ఏడు జిల్లాలో కరువు పుణ్యాన బతికిన పంట అదొక్కటే.