మూడు దెబ్బలకు కదిలిన పడవ

ఆ రోజు శాలిని వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే భర్తతో గోదావరి ఒడ్డుకు వెళ్లాలి. అతను పడవలో ఏసీ బాగుచేసేదాకా రెండేళ్ల హర్షిణి నీళ్లలో పడకుండా చూసుకోవాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పప్పుకు పోపు పెట్టాలి.

లింగమూర్తి కొత్తగా ఏసీ గది ఉన్న పడవ తెచ్చి బ్యారేజీ వెనుక నీళ్లలో తిప్పుతున్నాడు. పైనుంచి బొగ్గు దుమ్ము, కిందనుంచి నదిలోని గుర్రపుడెక్క దాడి చేయడంతో ఆ ఏసీ నెల తిరక్కుండానే వేడిగాలి ఊదడం మొదలుపెట్టింది. "ఇయ్యాల రిటైర్మెంటు పార్టీ ఉన్నది. వచ్చినోళ్లకు సల్లగ తగిలితే ఏడాదంత పని నీదే" అని శాలిని భర్త ఇమ్మాన్యుయేల్‌కు మాటిచ్చాడు. ఆ పని దొరికితే ఎండాకాలం ఏసీల రిపేర్లకని హైదరాబాద్ పోయి ఉండే బాధ తప్పుతుంది. అతను లేకుండా పిల్లతో ఒంటరిగా ఉండటమంటే శాలినికి భయం.

సాయానికి మామగారు తోమాసు కూడా వచ్చాడు. ఆయన బొగ్గుబాయిలో హాలర్ నడిపి రిటైరైన మనిషి. కింద పనివాళ్లు గంట కొడితే, పైన యంత్రంతో బొగ్గు తొట్లను లాగడమో వదలడమో చేసేవాడు. నౌకరీ అయిపోయినా ఆ చెవులు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి.

ఇమ్మాన్యుయేల్ బొగ్గు దుమ్ముతో నల్లబడ్డ ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి, నేలకున్న మూత తెరిచి పడవ అడుగులోకి దిగాడు. ఏసీకి నదినీళ్లు అందించే గొట్టం అక్కడే ఉంది. డ్రైవరు చాయ్‌కి పోయాడు.

"బాపూ, ఇంజను చాలు చేసి ఆడ్నే కూసో. అది తిరుగుతనే పంపు తిరుగుతది."

"నాకు చెప్తవారా? నువ్వు పుట్టకముందు నుంచి ఇంజన్లు నడిపిన" అన్నాడు తోమాసు, డ్రైవరు సీట్లో దర్జాగా కూర్చుంటూ.

ఈలోపు హర్షిణి పడవ అంచుకు మూడుసార్లు పరుగెత్తింది. శాలిని మూడుసార్లూ పట్టి లాక్కొచ్చింది. తాడు కోసం వెతికితే వెనుక వైపు ఒకటి కనిపించింది, కాకపోతే దాని రెండో కొస ఒడ్డున గుంజకు కట్టి ఉంది. ఇంత బరువైన పడవ మెట్లకు ఆనుకొని ఉండగా ఎక్కడికి పోతుందిలే అనుకుంది. తాడు విప్పి తెచ్చి, పిల్ల నడుముకు తువ్వాల చుట్టి దానిమీద ఒక కొస, కిటికీ కమ్మీకి రెండో కొస కట్టి, తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అడుగున ఇమ్మాన్యుయేల్ గొట్టం మూతికున్న జల్లెడ కడిగి బిగించినా నీళ్లు రాలేదు. లోపలేదో అడ్డుపడిందని గొట్టాన్ని పానాతో కొట్టాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్.

బాయిలో మూడు దెబ్బలంటే లాగు అని. తోమాసు చెయ్యి దానంతటదే లివరు ముందుకు తోసింది.

ఒడ్డు వెనక్కి పోతున్నట్టు శాలినికి అనిపించింది. తీరా చూస్తే పోతున్నది తామే.

"అయ్యో మామా, ఆపుండ్రి! పడవ పోతున్నది!"

"నోటిమాట మీద ఆపుడు ఉండది బిడ్డా. ఆగాలంటే ఒక్క గంట కొట్టాలె. రూలంటే రూలే."

"గోదారిల ఏం గంట మామా!"

ఇంజను చప్పుడులో ఇమ్మాన్యుయేల్‌కు ఇదేదీ వినపడలేదు. మళ్లీ రెండు దెబ్బలు వేశాడు. రెండంటే వదులు అని. పడవ వెనక్కి నడిచింది. ఇంకో మూడు వేశాడు. ముందుకురికింది. సరిగ్గా అప్పుడే లింగమూర్తి పార్టీ వాళ్లందరినీ వెంటేసుకుని ఒడ్డుకు వచ్చాడు. నది మధ్యలో తన పడవ, తాగిన మనిషిలా ముందుకీ వెనక్కీ తూలుతోంది.

"ఎవడ్రా నా పడవను నడిపేది!" అని నెత్తి బాదుకున్నాడు.

"యేసయ్యా, నువ్వే దిక్కు" అంటూ శాలిని పిల్ల టిఫిను డబ్బా తీసి కమ్మీకి ఒక్క దెబ్బ వేసింది. పడవ ఆగింది.

"గట్ల కొట్టాలె! ముందే కొడ్తే అయిపోతుండె గద" అన్నాడు తోమాసు, మెచ్చుకోలుగా.

ఆమె ఈసారి రెండు వేసింది. పడవ వెనక్కి, ఒడ్డు వైపు నడిచింది. మెట్లు దగ్గరపడగానే ఒకటి వేసింది. పడవ మెట్టును ముద్దు పెట్టుకున్నట్టు ఆగింది. ఇదంతా తమకు స్వాగతమేమోనని పార్టీ వాళ్లు చప్పట్లు కొట్టారు.

లింగమూర్తి మాత్రం కొట్టలేదు. "తాడేది?"

హర్షిణి తన నడుము చూపించి నవ్వింది.

"ఏడాది పని కాదు, ఇంకొక్క నిమిషం కూడ నా పడవల ఉండద్దు!" అని లింగమూర్తి మీదికి లేచాడు. శాలిని కళ్ల ముందు హైదరాబాద్ బస్సు కదిలింది.

అప్పుడే అడుగు నుంచి ఇమ్మాన్యుయేల్ తల పైకి వచ్చింది. చేతిలో పిడికెడు గుర్రపుడెక్క వేర్లు. "ముందటికి ఎనుకకు ఊగుట్ల ఊడొచ్చింది అన్నా! ఏసీ చూడుండ్రి!"

గదిలోకి వెళ్లి బయటికొచ్చిన లింగమూర్తి కళ్లద్దాలు చల్లబడి మసకబారాయి. ఆయన కోపం కూడా అక్కడే చల్లబడింది. పార్టీని ఎక్కించి, శాలిని వాళ్లతో "మీరు గూడ కూసోండ్రి" అన్నాడు.

పడవ బయలుదేరింది, ఈసారి డ్రైవరు చేతిలో. గదిలో అందరూ చేతులు కట్టుకుని, ఎంత బాగుందో అన్నట్టు బిగుసుకుని కూర్చున్నారు. హర్షిణి ఒక్క తుమ్ము తుమ్మింది.

అంతే. శాలిని ఏడాది పని మరిచిపోయింది, హైదరాబాద్ మరిచిపోయింది. "జల్ది బందు చెయ్యుండ్రి ఆ ఏసీని! పిల్లకు సర్ది అయితది!"

ఇమ్మాన్యుయేల్ తల పట్టుకున్నాడు. కానీ మూలనున్న పెద్దావిడ చీర కొంగులోంచి ముఖం తీసి, "నీ కడుపు సల్లగుండ బిడ్డా, పైసలు వెట్టినోళ్లు ఏమనుకుంటరోనని ఇంతసేపు ఓర్చుకున్న" అంది. అందరూ లేచి కిటికీలు తెరిచారు.

"గింత సల్లగ చేసినోన్ని ఇడుస్తనా?" అని లింగమూర్తి అక్కడికక్కడే పని ఖాయం చేశాడు.

అప్పటి నుంచి ఆ ఏసీని వారం వారం ఇమ్మాన్యుయేల్ కడుగుతూనే ఉన్నాడు. వేయమని మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.