ఒంటిగంటకు తెల్లవారిన ఊరు

మర్నాటి ఉదయానికి సూసై వేసుకున్న పథకం చాలా చిన్నది. వేగుచుక్క సముద్రంలోంచి పైకి రాగానే శంఖం ఊదాలి, పుదుక్కరై పడవలన్నీ కదలాలి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పనే. కాని నెల రోజులుగా తూర్పు దిక్కంతా మబ్బు కమ్మి ఉంది. ఆ నెలంతా ఊరు ఆయన అల్లుడు గాస్పర్ కొలంబో నుంచి తెచ్చిన అలారం గడియారంతో నిద్రలేచింది. ఇవాళ మబ్బు విడింది. సాయంత్రం పడవల సంఘం పెద్ద కురూస్ వచ్చాడు.

"రేపొక్కరోజు నువ్వు లేపు పెద్దయ్యా. సరిగ్గా లేపావా, సరే. లేదంటే ఆ పని గడియారానికే ఇచ్చేద్దాం. ఏమనుకోకు."

"గడియారం ఏమనుకుంటుందో అడిగావా?" అన్నాడు సూసై. నవ్వాడు గాని, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

ఒడ్డున బోర్లించిన పడవను ఆనుకుని పడుకున్నాడు. నిద్ర పట్టిందో లేదో ఆయనకే తెలియలేదు. కలలో కూడా తూర్పువైపే చూస్తున్నాడు. కళ్ళు తెరిచేసరికి నీటి అంచున, మినుకు మినుకుమనకుండా, ఒక పెద్ద చుక్క వెలుగుతోంది. చిన్నప్పుడు తండ్రి చెప్పిన గుర్తు మనసులో మెదిలింది: "నీళ్ళ మీద వెలుగుదారి పరిస్తే శుక్రుడు, మన వేగుచుక్క. పరవకపోతే గురుడురా, ముందొచ్చి మోసం చేస్తాడు." సూసై దారి కోసం చూశాడు. కనిపించలేదు. మళ్ళీ చూశాడు. అంతగా కావాలనుకున్న కంటికి సముద్రం 'లేదు' అని చెప్పదు. సన్నటి దారి ఒకటి కనిపించింది. శంఖం ఊదాడు.

గాస్పర్ ఉలిక్కిపడి లేచి, దీపం పెంచి గడియారం చూశాడు. ఒంటిగంట. చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కుటిక్కుమంటూనే ఉంది.

"మా నాన్న ముప్పై ఏళ్ళలో ఒక్కనాడు తప్పలేదు," అంది పిలోమినా పక్కమీంచే. "నీ గడియారానికి వయసెంత?"

"ఏడాదిన్నర."

"మరింకేం!"

సంగతి బయటపడితే నవ్వులపాలవుతానని గాస్పర్ గప్‌చుప్‌గా ముల్లు తిప్పి నాలుగున్నర మీద పెట్టాడు.

శంఖం విని, చర్చిలో పనిచేసే మిక్కేల్, నిద్రపోయానని ఫాదర్‌కి తెలిస్తే ఇంకేమన్నా ఉందా అని పరుగెత్తి గంట కొట్టాడు. గంట విని టీకొట్టు సలేత్ పొయ్యి రాజేసింది. పొయ్యి వెలుగు చూసి కోళ్ళు కూశాయి. కోళ్ళు కూసేసరికి సూసైలో ఏ మూలో మిగిలిన అనుమానం కూడా పోయింది. చుక్కా, గంటా, కోడీ ఒక్క మాటే చెబుతుంటే ఇంకేం కావాలి? ఆ మాట గంటకూ కోడికీ చేరింది తన దగ్గర్నుంచేనని ఆయనకు తోచలేదు.

పడవలు నీళ్ళలోకి దిగాయి. సూసై కురూస్ పడవ ఎక్కాడు. తెల్లవారుజామున నేల మీంచి సముద్రం వైపు వీచే గాలి కోసం తెరచాపలు ఎత్తారు. అవి ఆరేసిన చీరల్లా వేలాడాయి. పడవలు ఒడ్డు పక్కనే ఆగిపోయాయి.

"గాలేది పెద్దయ్యా?"

"వస్తుంది."

"తెల్లారదేం?"

"తెల్లారుతుందిలే. తొందరేం?"

ఊరంతా లేచి కూర్చుంది, ఉదయం మాత్రం రాలేదు. ఒడ్డున ఆడవాళ్ళు బుట్టలు పక్కన పెట్టి ఒకరి జడ ఒకరు అల్లుకున్నారు. పడవలో ఎవరో మరిచిపోయిన జోలపాట ఎత్తుకున్నారు. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయింది. పడవ దేనిమీద ఆగి ఉందో కూడా తెలియడం లేదు.

"నలభై ఏళ్ళొచ్చాయి పెద్దయ్యా," అన్నాడు కురూస్ మెల్లిగా. "ఈ సముద్రాన్ని ఊరికే కూర్చుని చూడ్డం ఇదే మొదలు."

సూసై తల పైకెత్తి చూశాడు. ఆయన చుక్క నడినెత్తికి పాకుతోంది. తనకు నిజం ఎప్పుడు తెలిసిందని తనను తానే ప్రశ్నించుకున్నాడు. మొదటిసారి చూసినప్పుడే తెలుసేమో. రెండోసారి చూసింది తెలియకుండా ఉండడానికేమో.

అప్పుడు తూర్పున వెండి ముద్దలాంటిది పైకి తేలింది. నీళ్ళ మీద తళతళమంటూ ఒక దారి పరుచుకుంటూ వచ్చి పడవను తాకింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర లేకపోయింది. తెరచాప మెల్లిగా కదిలింది.

"ఇదేంటి పెద్దయ్యా?" అన్నాడు కురూస్. "ఇది వేగుచుక్కయితే, మరి అదెవరు?"

సూసై శంఖాన్ని ఒడిలోంచి తీసి అతని ముందు పెట్టాడు. "కురూసూ, నేను..."

"అయ్యో, మునిగిపోయాం!" ఒడ్డు మీంచి గాస్పర్ కేక. ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో గడియారం ఎత్తిపట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. "ఏడున్నరయ్యింది! ఇంకా సూర్యుడు రాలేదు! ప్రళయం!"

అందరూ అప్పుడే పైకొచ్చిన వేగుచుక్కను ఒకసారి, గాస్పర్ గడియారాన్ని ఒకసారి చూశారు. తర్వాత పడవలన్నీ ఊగిపోయేలా నవ్వు.

"మనకింకా చీకటే, గాస్పర్ ఇంట్లో చద్దన్నం వేళయ్యిందట!"

"దీన్ని నమ్ముకునా నెలంతా లేచాం!"

కురూస్ కళ్ళు తుడుచుకుని శంఖం తీసి మళ్ళీ సూసై ఒడిలో పెట్టాడు. "నువ్వు కాస్త ముందే లేపావు, పోనీ. ఆ గడియారం సూర్యుణ్ణే దాటిపోయింది. ఆ పని నీదే పెద్దయ్యా."

ఒప్పుకోవడానికి తెరిచిన నోరు సూసైకి మూతపడలేదు, మాటా రాలేదు. ఒడ్డున గాస్పర్ కూడా అలాగే నిలబడ్డాడు. గడియారం తప్పు లేదనాలంటే ముల్లు తిప్పిందెవరో చెప్పాలి. లాంతరు వెలుగులో మామా అల్లుళ్ళు ఒకరినొకరు చూసుకుని తలలు దించుకున్నారు.

ఆ తర్వాత కూడా సూసై వేగుచుక్కను చూసే శంఖం ఊదాడు. ఊదే ముందు మాత్రం అల్లుడి కిటికీలోంచి ఒకసారి గడియారం చూసుకునేవాడు.