నాలుగింటి దగ్గు

ఆ ఆదివారం పొద్దున్న ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా కంప్యూటరులోంచి వైరస్ తీసెయ్యాలి, పదిన్నర నుంచి ఎవరి పని వాళ్ళు చూసుకోవాలి. పథకం వేసినవాడు పశువుల డాక్టరు. ఒప్పుకోనిది ఆయన భార్య. ఇళ్ళు మారేవాళ్ళ సామాను కట్టి, కొత్త ఇంట్లో దింపే కంపెనీ ఆవిడది.

కంప్యూటరు నెల రోజులుగా నత్తనడక నడుస్తోంది. దాన్ని ఎలాగో సహించారు. కానీ శనివారం మొగుడూ పెళ్ళాం ఇద్దరూ చాలాకాలానికి సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉన్నారు. గడియారం నాలుగు కొట్టగానే కంప్యూటరు దగ్గింది. ఎవరో గొంతు సవరించుకున్నట్టు, సరిగ్గా రెండున్నర దగ్గులు.

"ఈ దగ్గు ఎక్కడో విన్నాను," అన్నాడు డాక్టరు నుదురు రుద్దుకుంటూ. "ఆఁ! పోయిన నెల చూసిన గేదెది. అచ్చం ఇలాగే దగ్గేది."

పక్కనే కూరగాయలు తరుగుతున్న వాళ్ళమ్మ ఠపీమని కత్తి కింద పెట్టింది. ఆ దగ్గు గేదెది కాదు, ఆవిడ భర్తది.

ఆయన బతికున్న రోజుల్లో టీ ఇమ్మని ఏనాడూ నోటితో అడగలేదు. నాలుగింటికి దగ్గేవాడు, ఆవిడ వంటింట్లోకి వెళ్ళేది. ఒకసారి పాట పాడి కంప్యూటరులో దాచుకుందామని కూర్చుని, రికార్డింగు నొక్కి గొంతు సవరించుకున్నాడు. ఆవిడ అలవాటు కొద్దీ టీ తెచ్చేసింది. తాగాక పాట సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఆయన పోయి మూడేళ్ళయింది, మిగిలింది ఆ రెండున్నర దగ్గులే. పోయినేడు వీధి చివర లైబ్రరీలో పెద్దవాళ్ళకి కంప్యూటరు నేర్పుతుంటే వెళ్ళి నేర్చుకుని, రోజూ నాలుగింటికి అది వినబడేలా ఆవిడే అమర్చుకుంది. కొడుకూ కోడలూ కాలక్షేపానికి వెళ్తోందనుకున్నారు. ఈ వయసులో మొగుడి దగ్గు వింటూ కూర్చుంటానని కోడలితో ఎలా చెప్పుకోవడం?

"పోనిద్దురూ, దగ్గితే మనకేం నష్టం?" అని మాత్రం అంది.

"చూశావా, అమ్మ ఎప్పుడూ ఇంతే, సర్దుకుపోతుంది! రోజూ ఒక్కర్తీ ఇది విని ఎంత హడలిపోయిందో!" అన్నాడు డాక్టరు.

"మీరు దాని దగ్గరికి వెళ్ళకండి అత్తయ్యా, మేం చూసుకుంటాంగా," అంది కోడలు.

ఆదివారం పొద్దున్న వాదన మళ్ళీ మొదలైంది.

"శుభ్రం చేసి లాభం లేదండీ. ఆపరేటింగ్ సిస్టమే మార్చేద్దాం."

"జబ్బు చేసిందని పశువుని మార్చేస్తామా? ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకుంటామా?"

"తగలబెట్టమనలేదు, మారదామన్నాను. రోజూ చేసే పనేగా నాది!"

డాక్టరు వినలేదు. వైరస్‌లు ఏరే ప్రోగ్రాము ఒకటి ఎక్కించాడు. అది గంటసేపు వెతికి నాలుగువందల పద్దెనిమిది అనుమానాలు పట్టుకుంది. వాటిలో ఒకటి, రోజూ నాలుగింటికి దానంతటదే లేచే చిన్న ప్రోగ్రాము.

"దొరికాడు దొంగ!" అని డాక్టరు దాన్ని తీసేశాడు.

"అయ్యో!" అంది వాళ్ళమ్మ.

"ఏంటమ్మా?"

"ఏం లేదు... పాలు పొంగాయేమో," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీద పాలు లేవు.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఎందుకైనా మంచిదని డాక్టరు ఇంకో ప్రోగ్రాము కూడా ఎక్కించాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? మొదటిది రెండోదాన్ని దొంగ అంది, రెండోది మొదటిదాన్ని. ఒకదాన్నొకటి పట్టుకుని వదల్లేదు. తెర నల్లబడింది. డాక్టరు స్టెతస్కోపు తెచ్చి కంప్యూటరు పెట్టెకి ఆనించి విన్నాడు.

"ప్రాణం ఉంది," అన్నాడు నీరసంగా.

"ఇక జరగండి," అంది భార్య.

నాలుగుసార్లు ఆపి, మళ్ళీ ఆన్ చేశాక తెర వచ్చింది. ఆవిడ ముందు సామాను కట్టింది. ఫొటోలు ఒక మూట, కాగితాలు ఒక మూట. ఆవిడ కంపెనీలో ఒక నియమం ఉంది: ఎవరింట్లోనూ ఏదీ పారెయ్యకూడదు. ఎందుకో తెలియని వస్తువులన్నీ "ఏమిటో" అని రాసిన పెట్టెలో వెయ్యాలి. ఇక్కడా అదే చేసి, అన్నీ పెన్‌డ్రైవులోకి ఎత్తింది.

అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడింది. "శబ్దాలు కూడా వస్తాయా అమ్మాయ్?"

"అన్నీ వస్తాయి అత్తయ్యా, ఆ దగ్గు ఒక్కటి తప్ప."

మూడున్నరకి కొత్త సిస్టం మెరుస్తూ లేచింది. నాలుగు కొట్టింది. కంప్యూటరు నోరు మెదపలేదు. కోడలు గర్వంగా చూసింది. అత్తగారు తెర ముందు కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాలుగుంపావు అయింది, నాలుగున్నర అయింది.

"ఇవాళ టీ లేదా అమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఎవరూ అడగలేదుగా," అంది ఆవిడ. అని, చెంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు సంగతంతా బయటపడింది. డాక్టరు కూలబడ్డాడు. "నాన్న దగ్గుని గేదె దగ్గన్నానా!"

"ముందే చెప్పొచ్చుగా అత్తయ్యా!" అంటూ కోడలు కళ్ళు తుడుచుకుని "ఏమిటో" మూట విప్పింది. అందులో తొమ్మిదివందల ఫైళ్ళు. అత్తగారు చెప్పిన తేదీ పట్టుకుని వెతికితే ఒకటి దొరికింది. నొక్కారు. చప్పుడు లేదు. డాక్టరు తీగలన్నీ పీకి మళ్ళీ గుచ్చాడు. కోడలు స్పీకరుని తట్టింది.

"సామాను చేరింది గానీ గొంతు చేరలేదు. నేనే పోగొట్టాను," అంది కోడలు ఏడుపు గొంతుతో.

"జరగండి ఇద్దరూ," అంది అత్తగారు.

కళ్ళజోడు పెట్టుకుని, తెర మూలనున్న చిన్న స్పీకరు బొమ్మ నొక్కింది. "శబ్దం ఆపేసి ఉంది, అంతే. కొత్త ఇంటికి వచ్చాక మెయిన్ స్విచ్ వేసుకోవాలిగా అమ్మాయ్!" తర్వాత ఇంకేవో అయిదారు చోట్ల నొక్కి, రోజూ నాలుగింటికి అని అమర్చింది.

"ఇవన్నీ మీకెలా వచ్చు అత్తయ్యా?"

"లైబ్రరీలో ఫస్టు వచ్చాను. మీరు అడగలేదు."

"మరి ఆ నత్తనడక?" అన్నాడు కొడుకు.

"వైరసూ లేదు, పాడూ లేదు. రెండువేల గేదెల వీడియోలు పెట్టావు. దానికి ఊపిరాడొద్దూ?"

ఆవిడ ఇంకోసారి నొక్కింది. రెండున్నర దగ్గులు గదంతా వినబడ్డాయి. కొడుకు తల దించుకుని ముక్కు తుడుచుకున్నాడు. కోడలు అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది.

"వస్తున్నా, వస్తున్నా," అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.

ఇప్పుడు ఆ ఇంట్లో కంప్యూటరుకి ఏమొచ్చినా అత్తగారినే పిలుస్తారు. ఆయన రోజూ నాలుగింటికి ఠంచనుగా గొంతు సవరించుకుంటున్నాడు. పాట మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.