సుశీలమ్మ మాట కోసం సామూహిక ప్రార్థన

జమ్మలమడుగులో రిటైర్డు హెడ్‌మాస్టరు చెన్నయ్యగారి ఇంట్లో రహస్యాలేవీ లేవని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆయనకు తలనొప్పి వస్తే మాత్రకన్నా ముందు చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవి పడుతుంది. జోడించిన చేతుల బొమ్మలు వరుసగా వచ్చి వాలితే గాని నొప్పి తగ్గదు. దీన్ని ఆయన విశ్వాసం అనుకునేవాడు. మనమూ అలాగే అనుకుందాం.

మొన్న ఆయన భార్య సుశీలమ్మ ఉగ్గాని వడ్డిస్తూ, "గర్భసంచి తీసేయాలంట. డాక్టరమ్మ చెప్పింది. నాకు శానా భయమైతాంది. ఎవురికీ చెప్పగాకండి" అంది. చెన్నయ్య ఆమె చెయ్యి పట్టుకుని మాటిచ్చాడు. దేవుడికి చెప్పడం ఎవరికో చెప్పడం కిందికి రాదు గనక గ్రూపులో పెట్టాడు. పేరు మాత్రం రాయలేదు. "ఒక సహోదరి, రిటైర్డు హెడ్‌మాస్టరు భార్య" అని ఊరుకున్నాడు.

ఈ గోప్యత అందరినీ కదిలించింది. ఆదివారం పులివెందుల పాస్టరు ఆ గర్భసంచి కోసం మైకులో కన్నీరు పెట్టుకున్నాడు. ప్రొద్దుటూరుకు గాజులు కొనబోయిన సుశీలమ్మకు అంగడి మహబూబ్‌బీ, "ఏం కాదులే వదినా, మా ఆడబిడ్డకూ తీసేసినారు" అని ధైర్యం చెప్పింది. తిరుగు బస్సులో కండక్టరు జాలిగా చూసి సీటిప్పించాడు.

ఆ సాయంత్రం నుంచి సుశీలమ్మ అన్నం పెడుతుంది గాని పెదవి విప్పదు. ఆపరేషన్ దగ్గర పడుతోంది. ఆ భయమంతా ఆమె ఒక్కతే మోస్తోందని చెన్నయ్యకు నిజంగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఫోను తీసి, "ఒక సహోదరి భర్తతో మాట్లాడేలా ప్రార్థించండి" అని పెట్టాడు.

గ్రూపు ఉపవాసం ప్రకటించింది. ఎర్రగుంట్ల నుంచి భార్యల విధేయత మీద ప్రసంగం వచ్చింది. చాపాడు స్త్రీల సమాజం దాన్ని తీవ్రంగా ఖండించింది. ఇరుపక్షాలూ సుశీలమ్మ మేలే కోరాయి.

ఆపరేషన్‌కు ముందురోజు ఆమె నోరు తెరిచింది.

"ఆ ఫోను బయట పెట్టి రాండి. తలుపేయండి."

చాలాసేపు మాట్లాడింది. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మాట్లాడిందా సార్? ఏమనింది?" అని గ్రూపు అడిగింది. "మాట్లాడింది" అని ఒక్క మాట రాశాడు. "ఇన్నాళ్లు పస్తులుంటిమి, ఏమనిందో చెప్పకపోతే ఎట్ల సార్?" అని మందలించారు. ఆయన పలకలేదు. సంఘ ఐక్యతకు భంగం కలిగించినందుకు ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు.

ఆమె ఏమన్నదో తెలుసుకుందామని ఈ కథ రాసినవాడూ తలుపు సందులో చెవి పెట్టాడు. వినబడలేదు. వినబడి ఉంటే ఈపాటికి మీకు పంపేవాడే. మీరు మరో నలుగురికి పంపేవాళ్లు.