అత్తయ్యగారి పెన్‌డ్రైవ్

చిన్న పెన్‌డ్రైవ్ షాపుల్లో దొరక్కపోవడం ఈ కాలపు మహాభాగ్యం. నవ్వకండి. పళ్ళ డాక్టరుగారి ఇంట్లో ఏం జరిగిందో వింటే వాటిని చెయ్యడం మానేసిన కంపెనీలకి మీరే దణ్ణం పెడతారు.

డాక్టరుగారి ఫోను నిండిపోయింది. లాప్‌టాపూ నిండిపోయింది. ఫొటోలు దాచిపెట్టే ఆన్‌లైన్ కంపెనీ మీ చోటు అయిపోయింది, ఇంకాస్త కొనుక్కోండంటూ ఇంటి ఓనరులా వెంటపడుతోంది. రోజంతా ఊరివాళ్ళ నోళ్ళు తెరిపించే ఆయనకి ఇంట్లో నోరెత్తే సందు తక్కువ. ఈసారి మాత్రం ఎత్తారు. మన ఫొటోలకి మనం అద్దె కట్టడమేమిటి, ఇంట్లోనే సర్వర్ పెడదామన్నారు.

క్లినిక్‌లో మూలపడ్డ పాత కంప్యూటర్ని మోసుకొచ్చి, దాని పొట్టలో కొత్త హార్డ్‌డిస్కులు బిగించి, హాల్లో టీవీ పక్కన కొలువుదీర్చారు. ఇక కావలసిందల్లా ఒక పెన్‌డ్రైవ్. సర్వర్‌ని నిద్రలేపే సాఫ్ట్‌వేర్ అందులోనే ఉంటుంది. ఎప్పుడూ దానికి గుచ్చే ఉండాలి. అది చిన్నదై ఉండాలట, నమ్మకమైనదై ఉండాలట, అయినదానికీ కానిదానికీ వేడెక్కకూడదట. ఇలాంటి గుణవంతులు మనుషుల్లోనే దొరకట్లేదు, డ్రైవుల్లో దొరుకుతారా?

కంప్యూటర్ షాపాయన జాలిగా చూశాడు. అంత చిన్నవి ఇప్పుడెవరూ అడగట్లేదని, ఊళ్ళో సినిమాలన్నీ పట్టే డ్రైవ్ ఒకటి తీసి ముందు పెట్టాడు. నాకు గుప్పెడు చోటు చాలండీ అని డాక్టరుగారు బతిమాలుకున్నారు.

"బస్తా తీసుకెళ్ళి గుప్పెడు వాడుకోండి సార్" అన్నాడాయన.

తీసుకెళ్ళారు. పాత కంప్యూటర్ ఆ బస్తాని గుర్తే పట్టలేదు. ఇటు గుచ్చినా అటు గుచ్చినా నల్ల తెర మీద అదే మాట: నన్ను లేపేది ఏదీ ఇక్కడ లేదు.

దాంతో బస్తాని షాపాయనకే తిరిగిచ్చేసి, ఇంట్లో పాత డ్రైవుల కోసం వేట మొదలుపెట్టారు. డ్రైవులకేం, సొరుగు లాగితే రాలాయి. కానీ సర్వర్‌కి పనికి రావాలంటే అందులో ఉన్నదంతా తుడిచెయ్యాలని తెలిసేసరికి, ఎవరిది వాళ్ళు లాక్కున్నారు. డాక్టరుగారి భార్య లెక్కల టీచరు. ఆవిడ దాంట్లో పాత ప్రశ్నపత్రాలున్నాయి. ఆ పరీక్షలు రాసిన పిల్లలకే పిల్లలు పుట్టారు కదా అన్నా వదల్లేదు. కూతురి డ్రైవ్‌కి పాస్‌వర్డ్ ఉంది. అదేమిటో ఆ పిల్లకే గుర్తులేదు. అయినా ముట్టుకోవద్దంది.

అప్పుడు అత్తగారు తన కళ్ళజోడు పెట్టెలోంచి, ఫోనుకి తగిలించుకునే బుల్లి డ్రైవ్ ఒకటి తీసి అల్లుడి చేతిలో పెట్టారు. అందులో చూడదగ్గదేమీ లేదు, వాడుకోమన్నారు. ఆ ఇంట్లో ఆవిడ మాట్లాడేది తక్కువ. భోజనానికి పిలిస్తే వస్తారు. టీవీలో ఎవరేది పెడితే అది చూస్తారు.

డాక్టరుగారు పద్ధతి గల మనిషి. ఎక్స్‌రే చూడనిదే పన్ను పీకరు. డ్రైవ్ కూడా తెరిచి చూశారు. అన్నీ వీడియోలు. మొదటిదాంట్లో అత్తగారు తన గదిలో దువ్వెన పట్టుకుని దిండు మీదకి వంగి ఉన్నారు.

"కొంచెం నొప్పిగా ఉంటుందండీ. అరవకండి, బయట కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళిపోతారు."

గొంతు ఆవిడది, మిగతాదంతా డాక్టరుగారే. ఆ దగ్గు, ఆ భుజం ఎగరేయడం, ఆ దొంగ నవ్వు! ఆయన నవ్వుతూ కుర్చీలోంచి జారిపోయారు. ఆ చప్పుడుకి భార్యా కూతురూ పరుగెత్తుకొచ్చారు. తర్వాతిదాంట్లో అత్తగారే లెక్కల టీచరై, సుద్దముక్కతో గాల్లో లెక్క చేస్తూ తనే తప్పు చేసి, ఆ కోపంతో తలుపుని తిట్టిపోశారు. టీచరుగారు నవ్వలేక పొట్ట పట్టుకున్నారు. ఆ తర్వాత మనవరాలి వేషం. టీవీ రిమోట్‌ని ఫోనులా పట్టుకుని, తలెత్తకుండా, "తర్వాత చెబుదువుగానీలే అమ్మమ్మా" అంటున్నారు. మనవరాలు పడీపడీ నవ్వింది. నవ్వి నవ్వి, చేతిలో ఫోను పక్కన పెట్టేసింది.

ఇప్పుడు ఇది తుడిచేదెలా? దాచుకుందామంటే ఎక్కడా చోటు లేదు. చోటు కావాలంటే సర్వర్ లేవాలి. సర్వర్ లేవాలంటే ఇది తుడవాలి. డాక్టరుగారు జుట్టు పీక్కోబోయారు గానీ, అక్కడా సరుకు లేదు.

చిక్కు విప్పింది అత్తగారే. "తుడిచెయ్యండి బాబూ. నేనిక్కడే ఉన్నానుగా, చేసి చూపిస్తాను."

అని ఊరుకోలేదు, హాలు మధ్యకొచ్చి నిలబడ్డారు.

డ్రైవ్ తుడిచారు, సాఫ్ట్‌వేర్ ఎక్కించారు, గుచ్చారు. సర్వర్ గుర్రుమని లేచింది. ఇంట్లో ఫొటోలన్నీ భద్రంగా అందులోకి చేరాయి. ఇప్పటిదాకా ఒక్కరూ దాన్ని తెరిచి చూసిన పాపాన పోలేదు. తీరికెక్కడిది? సాయంత్రమయ్యేసరికి సోఫా టీవీకి వీపు తిప్పేస్తోంది, అత్తగారు పాలవాడి నుంచి పై ఇంటి పెద్దమనిషి దాకా అందరినీ దించేస్తున్నారు.

అదే చిన్న డ్రైవ్ షాపులో దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి! ఇన్నేళ్ళూ ఆవిడ పక్క గదిలోనే ఉన్నారు. అయినా ఇంట్లోవాళ్ళని తప్పుపట్టి లాభం లేదు లెండి. ఫోను నిండితే ఫోను చెప్పింది, లాప్‌టాప్ నిండితే లాప్‌టాప్ చెప్పింది. పాపం, అత్తగారి దగ్గర్నుంచి ఒక్క నోటిఫికేషనూ రాలేదు.